వెనక్కి తిప్పి చూడాలి: సైనిక, రాజకీయ బ్యాడ్జీల్లో నకిలీలను పట్టుకోవడం

1945 మార్చిలో భారత వైమానిక దళం పేరుకు ముందు 'రాయల్' అనే మాట చేరింది. 1950 జనవరి 26న దేశం రిపబ్లిక్ కాగానే ఆ మాట పోయింది. అంటే 'రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్' అన్న అక్షరాలున్న బ్యాడ్జీ ఏదైనా ఆ ఐదేళ్ల లోపుది అయి ఉండాలి. అలాంటి బ్యాడ్జీని చూపించి, "1942లో బర్మా మీద ఎగిరిన పైలట్ టోపీకి ఉన్నదే ఇది" అని ఎవరైనా అమ్మబోతే భూతద్దం తీయక్కర్లేదు. క్యాలెండర్ చాలు.

నకిలీలను పట్టుకోవడం అనగానే చాలామందికి భూతద్దం, అయస్కాంతం, యాసిడ్ చుక్క గుర్తొస్తాయి. అవన్నీ తర్వాత. ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ వస్తువు, ఈ రూపంలో, వాళ్లు చెబుతున్న కాలంలో ఉండే అవకాశం ఉందా? నకిలీ తయారుచేసేవాడు ముఖభాగాన్ని ఎంతో శ్రద్ధగా దించుతాడు, ఎందుకంటే కొనేవాడు చూసేది అదే. చరిత్రను మాత్రం అంత శ్రద్ధగా చదవడు. బ్యాడ్జీ ఎలా తయారైందో, ఎప్పుడు తయారైందో చెప్పే ఆనవాళ్లు ఎక్కువగా వెనకవైపు, అంచుల్లో, అతుకుల్లో ఉంటాయి.

బ్రిటిష్ సైన్యం బ్యాడ్జీల్లో కాలాన్ని చెప్పే మొదటి గుర్తు కిరీటం. విక్టోరియా రాణి 1901లో చనిపోయేదాకా ఒక తీరు కిరీటం. ఆ తర్వాత ఆరో జార్జి చనిపోయిన 1952 వరకు 'రాజు కిరీటం' అని సేకర్తలు పిలిచే ట్యూడర్ కిరీటం. దాని పై కమానులు గుమ్మటంలా గుండ్రంగా పైకి లేస్తాయి. ఎలిజబెత్ రాణి కాలంలో వచ్చిన 'రాణి కిరీటం'లో ఆ కమానులు మధ్యలో కిందికి వంగుతాయి. మెషిన్ గన్ కోర్ అనే దళం 1915లో పుట్టి 1922లో రద్దయింది. దాని బ్యాడ్జీ మీద మధ్యలో వంగిన కిరీటం ఉంటే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఈమధ్య ఒక చిక్కు వచ్చిపడింది. 2022లో గద్దెనెక్కిన మూడో చార్లెస్ మళ్లీ ట్యూడర్ కిరీటాన్నే ఎంచుకున్నారు. కాబట్టి గుండ్రటి కమానులు కనిపించగానే 1952కు ముందుదే అనుకోవడం ఇకమీద కుదరదు.

మన ప్రాంతానికి సంబంధించి తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. '19 హైదరాబాద్ రెజిమెంట్' అని ఉన్న బ్యాడ్జీలను నిజాం సైన్యానివని చెప్పి అమ్ముతుంటారు. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన హైదరాబాద్ కాంటింజెంట్ అనే దళం 1903లోనే బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. అందులోంచి వచ్చిన పటాలాలతో 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఏర్పడింది. 1945లో దాని పేరు కుమావోన్ రెజిమెంట్‌గా మారింది. నిజాం సొంత దళాలు వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో మైసూరు, జోధ్‌పూర్ అశ్విక దళాలతో కలిసి పాలస్తీనా దాకా వెళ్లిన హైదరాబాద్ లాన్సర్స్ ఆ కోవలోవి. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులకు గుర్తుగా పెట్టినవే. అందువల్ల '19 హైదరాబాద్' బ్యాడ్జీని 1914-18 యుద్ధంలో నిజాం సైనికుడు పెట్టుకున్నదని చెబితే ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులు. అలాగని బ్యాడ్జీ నకిలీదని కాదు, అది అసలుదే కావచ్చు. అబద్ధమైంది దానికి తగిలించిన కథ. కథకు కూడా డబ్బు చెల్లించేవాడికి ఈ తేడా తెలియాలి.

క్యాలెండర్ పరీక్ష దాటిన తర్వాత వస్తువును వెనక్కి తిప్పాలి. బ్రిటిష్ టోపీ బ్యాడ్జీల్లో ఎక్కువ భాగం పలుచని ఇత్తడి రేకును ఉక్కు అచ్చుల మధ్య పెట్టి బలంగా కొట్టి తీసినవి. కాబట్టి ముందు ఎత్తుగా ఉన్నది వెనక పల్లంగా కనిపిస్తుంది. సింహం జూలు, పూలదండలోని ఆకులు, అక్షరాలు అన్నీ వెనక నీడలా తెలుస్తాయి. నకిలీల్లో చాలావరకు పోత పోసినవి. అసలు బ్యాడ్జీని తీసుకుని, దాని మీద అచ్చు తీసి, కరిగించిన లోహం పోస్తారు. అలా పోసినప్పుడు వెనక భాగం చదునుగా గానీ, ఇసుక చల్లినట్టు గరుగ్గా గానీ వస్తుంది. గాలి బుడగలు చిక్కుకున్న చోట సూదిమొన అంత గుంటలు ఉంటాయి. ఈకల గీతలు, గుర్రం కళ్లెం లాంటి సన్నని పనితనం మైనం కరిగినట్టు మెత్తబడుతుంది. అంచుల దగ్గర ఆకురాయితో రాకిన గీతలు కనిపిస్తాయి. లోహం చల్లారేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి పోత నకలు అసలుకంటే చిన్నదవుతుంది. 40 మిల్లీమీటర్ల బ్యాడ్జీలో తేడా అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. కంటికి ఆనదు గానీ వెర్నియర్ కాలిపర్స్‌కు దొరుకుతుంది.

ఈ సూత్రాన్ని గుడ్డిగా వాడితే మాత్రం మంచి వస్తువు చేజారుతుంది. భారతదేశంలో మకాం ఉన్న పటాలాలు తమకు కావలసిన బ్యాడ్జీలను చాలాసార్లు స్థానిక బజారులోని ఇత్తడి పనివాళ్ల చేత ఇసుక అచ్చుల్లో పోయించుకున్నాయి. అవి మొరటుగా ఉంటాయి, ఒకదానిలా ఇంకోటి ఉండదు. అయినా సైనికులు నిజంగా టోపీకి పెట్టుకున్నవే. అమ్మేవాళ్లకు ఇదొక సాకుగా కూడా పనికొస్తుంది. ప్రతి ముతక పోతనూ "ఇండియాలో చేయించింది" అనేస్తారు. అలాంటప్పుడు చూడాల్సింది వాడకపు అరుగుదల. టోపీ మీద ఏళ్ల తరబడి ఉండి, రోజూ పాలిష్ తిన్న బ్యాడ్జీ ఎత్తైన చోట్ల అరుగుతుంది, పల్లాల్లో పాత పాలిష్ తెల్లగా గట్టిపడి ఉంటుంది. వెనకవైపు పిన్ను దూర్చే కొక్కేల లోపలి అంచులు ఆ పిన్ను రాపిడికి నునుపెక్కి ఉంటాయి. ముందంతా అరిగిపోయి, వెనక కొక్కేలు మాత్రం నిన్న చేసినట్టుంటే అనుమానించాలి.

అతుకులు కూడా మాట్లాడతాయి. టోపీలోకి దోపడానికి వెనక నిలువు పట్టీ ఉందా, రెండు వైపులా కొక్కేలున్నాయా, వాటికి పెట్టిన టంకం పాత రంగులో కలిసిపోయిందా లేక వెండిలా మెరుస్తోందా అన్నది గమనించాలి. రెండువైపుల నుంచి నొక్కితే ఊడివచ్చే సీతాకోకచిలుక ఆకారపు బిళ్ల, ఇవాళ కోటు పిన్నులన్నిటికీ ఉండేది, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. 1916 నాటిదని చెప్పే బ్యాడ్జీకి అది ఉంటే ఆ కథ అక్కడితో ఆగిపోతుంది.

లోహం విషయంలో తొందరపాటు తీర్పులు ఎక్కువ. చవక లోహమైతే నకిలీ అనుకోవడం సహజమే కానీ యుద్ధం ముదిరే కొద్దీ అసలు వస్తువులే చవకబడ్డాయి. మొదటి యుద్ధంలో బ్రిటన్ రెండు లోహాల బ్యాడ్జీలను మానేసి ఒక్క ఇత్తడితోనే కొట్టించింది. రెండో యుద్ధంలో లోహం ఆదా చేయడానికి ప్లాస్టిక్ బ్యాడ్జీలే ఇచ్చింది. జర్మనీలో యుద్ధం మొదట్లో మంచి మిశ్రమ లోహాలతో చేసిన బ్యాడ్జీలు చివరి రోజులకు జింకులోకి దిగాయి. ఆ జింకు మీది పూత ఊడిపోయి, నేడు మట్టిరంగులో కనిపించేవి ఎన్నో ఉన్నాయి. మెరిసే వాటికన్నా అవే నమ్మదగ్గవి కావచ్చు.

జర్మన్ ఐరన్ క్రాస్ ఈ మొత్తం చదువుకు మంచి పాఠ్యపుస్తకం. 1813లో నాటి జర్మన్ రాజ్యం ప్రష్యా నెలకొల్పిన ఈ పతకం 1870, 1914, 1939 సంవత్సరాల్లో మళ్లీ వచ్చింది, ఆయా సంవత్సరం అంకెలతో. మామూలుగా అసలుది మూడు ముక్కలు. మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప ముక్క, దాని ముందూ వెనకా కప్పి అంచుల దగ్గర టంకంతో కలిపిన రెండు వెండి చట్రాలు. పక్కకు తిప్పి భూతద్దంలో చూస్తే చట్రాలు కలిసిన గీత సన్నగా తెలుస్తుంది. నాసిరకం నకిలీ మొత్తం ఒకే ముక్కగా పోసి, మధ్యలో నల్లరంగు, అంచుకు వెండిరంగు వేసి వదిలేస్తారు. అయస్కాంతం అంటకపోతే నకిలీ అని చాలాచోట్ల చెబుతారు. అది సగం నిజమే. ఇత్తడి లాంటి అయస్కాంతానికి అంటని లోహంతో చేసిన అసలు పతకాలూ ఉన్నాయి. ఇనుము పెట్టి చేసిన నకిలీలకు కొదవే లేదు.

అసలు ఇబ్బంది 1957లో మొదలైంది. ఆ ఏడాది పశ్చిమ జర్మనీ చేసిన చట్టం నాజీ స్వస్తిక తీసేసిన రూపంలో యుద్ధకాలపు పతకాలను ధరించడానికి అనుమతించింది. 1939 ఐరన్ క్రాస్‌లో స్వస్తిక ఉన్న చోట ఓక్ ఆకులు వచ్చాయి. యుద్ధకాలంలో పతకాలు చేసిన కంపెనీల్లో కొన్ని వీటినీ చేశాయి. చట్రం పనితనం పాతదే, చట్టబద్ధమే, నాణ్యమైనదే. మోసగాళ్లకు అది వరమైంది. ఓక్ ఆకుల ముక్క తీసేసి, స్వస్తిక ఉన్న కొత్త ముక్కను లోపల పెడితే చట్రం పరీక్షకు నిలబడుతుంది, మధ్యభాగం ఒక్కటే అబద్ధం. అంచు దగ్గర టంకం విప్పి మళ్లీ పెట్టిన ఆనవాలు కోసం వెతకడం తప్ప వేరే దారి లేదు.

మన పాఠకులకు మరింత దగ్గరి ఉదాహరణ ఆజాద్ హింద్ పతకాలు. సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఉన్న రోజుల్లో, 1942లో, వీటిని నెలకొల్పారు. షేర్-ఎ-హింద్, సర్దార్-ఎ-జంగ్, వీర్-ఎ-హింద్ వంటి పేర్లు వాటివి. వీటిని తయారుచేసింది వియన్నాలోని రుడాల్ఫ్ సూవాల్ అనే సంస్థ. యుద్ధం ముగిసింది, బోస్ లేరు, కానీ సూవాల్ అచ్చులు మిగిలాయి. ఆ సంస్థ యుద్ధానంతరం సేకర్తల కోసం పాత పతకాలను మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. అదే ఊరు, అదే సంస్థ, చాలా సందర్భాల్లో అవే అచ్చులు. 'ఒరిజినల్ అచ్చుతో చేసింది' అని అమ్మేవాడు చెప్పే మాట ఇక్కడ అక్షరాలా నిజం కావచ్చు. అయినా ఆ పతకం ఏ సైనికుడి ఛాతీ మీదా లేదు, ఏ ధైర్యానికీ గుర్తింపుగా రాలేదు. నేతాజీ పేరు వినగానే మనసు కరిగే కొనుగోలుదారుకు ఈ తేడా చెప్పకుండా అమ్మడం అన్యాయం, మామూలు నకిలీని అమ్మడం కంటే ఎక్కువ అన్యాయం.

అచ్చు ఒకటే అయినప్పుడు తేడా ఎలా పట్టాలి? అచ్చు కూడా ముసలిదవుతుంది. వేల దెబ్బలు తిన్న ఉక్కులో వెంట్రుక మందాన పగుళ్లు వస్తాయి. ఆ పగులులోకి లోహం చొచ్చుకుపోయి, పతకం మీద సన్నని ఎత్తు గీతగా మిగులుతుంది. యుద్ధకాలానివని కచ్చితంగా తెలిసిన పతకాల మీద ఒక పగులు చిన్నదిగా ఉండి, చేతిలో ఉన్న దాని మీద అదే పగులు పెద్దదై, పక్కన ఇంకోటి కూడా పుట్టి ఉంటే, ఇది ఆలస్యంగా కొట్టింది. పగులు పెరుగుతుంది గానీ తగ్గదు. ఇంత స్పష్టంగా వరసక్రమం చెప్పే ఆధారం ఈ రంగంలో మరొకటి లేదనే చెప్పాలి. దీనికి కావలసింది మాత్రం పోల్చి చూసుకోవడానికి నమ్మకమైన నమూనాల దగ్గరి ఫొటోలు. పిన్ను, గొలుసు, పూత, రిబ్బన్ లాంటివి ఎప్పటికప్పుడు కొత్తగా చేయించి పెట్టేవి కాబట్టి వాటిలోనూ కాలం తెలుస్తుంది.

తయారీదారు ముద్ర విషయానికొస్తే, ముద్ర ఉండటం నిజాయితీకి రుజువు కాదు. సూవాల్ ముద్ర 'ఎల్/58' యుద్ధం తర్వాతి వాటి మీదా కనిపిస్తుంది. అయితే ముద్రలోని పొరపాటు నకిలీకి గట్టి రుజువవుతుంది. నాజీ పార్టీ వస్తువుల నాణ్యత చూసే సంస్థ 'ఆర్‌జడ్‌ఎం' అనే ముద్ర వేసేది. పార్టీ సభ్యత్వ బ్యాడ్జీల వెనక ఆ మూడు అక్షరాలు, వాటి పక్కన తయారీదారు సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్య ఏ కంపెనీదో జాబితాలున్నాయి. సైన్యం ఇచ్చే పతకాలకు ఆ సంస్థతో పనిలేదు. సైనిక పతకం వెనక ఆర్‌జడ్‌ఎం అని ఉంటే, అసలు గుర్తుల గురించి సగం తెలిసినవాడు చేసిన పని అని అర్థం.

అన్ని నకిలీలూ మొత్తంగా నకిలీవి కావు. అసలు పతకం మీద పేరు మార్చడం ఇంకో రకం మోసం, కనిపెట్టడం కూడా కష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, వ్యాసం 36 మిల్లీమీటర్లు. సుమారు 65 లక్షలు ఇచ్చారు. కూలి దళాల్లో పనిచేసిన భారతీయులు, చైనీయులు, మాల్టా వాళ్లకు అదే పతకాన్ని కంచులో, దాదాపు 1,10,000 ఇచ్చారు. పతకం అంచు మీద అందుకున్నవాడి నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి. మామూలు గుమాస్తా పతకానికి తక్కువ ధర, పేరున్న యుద్ధంలో చనిపోయినవాడి పతకానికి ఎన్నో రెట్లు. అందుకని అంచును ఆకురాయితో రాకి, కొత్త పేరు చెక్కుతారు. వెండి రాకినప్పుడు వ్యాసం తగ్గుతుంది. కాలిపర్స్‌తో నాలుగైదు చోట్ల కొలిస్తే ఆ తగ్గుదల బయటపడుతుంది. ఇంకో ఆనవాలు అక్షరాల తీరు. ఆ పతకాలకు పేర్లు యంత్రంతో నొక్కి వేశారు. నొక్కిన అక్షరం చుట్టూ లోహం కాస్త ఉబుకుతుంది. చేతితో చెక్కిన అక్షరంలో లోహం తెగి పోతుంది, అడుగున పనిముట్టు గీత మెరుస్తుంది. బ్రిటిష్ సైనికుల పతకాల జాబితాలు లండన్ కియూలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అంచు మీది పేరును వాటితో సరిచూడవచ్చు.

సోవియట్ పతకాలకూ ఇదే రోగం. 1930లో వచ్చిన ఆర్డర్ ఆఫ్ రెడ్ స్టార్ వెనక టంకశాల ముద్ర, సీరియల్ నంబరు ఉంటాయి. యుద్ధకాలపు నంబరుకు ధర ఎక్కువ కాబట్టి తర్వాతి కాలపు నంబరును చెరిపి కొత్తది చెక్కుతారు. నంబరు చుట్టూ ఉపరితలం మిగతా చోట్లకన్నా నునుపుగా, కాస్త లోతుగా ఉంటే అక్కడ ఎవరో పనిచేశారని గ్రహించాలి.

పాతదనాన్ని కూడా తయారుచేస్తారు. కొత్త ఇత్తడిని అమ్మోనియా ఆవిరిలో పెడతారు, యాసిడ్ పూస్తారు, తడిమట్టిలో పాతిపెడతారు. నిజమైన కిలుము ఏళ్ల మీద, పొరలు పొరలుగా, చెయ్యి తగలని సందుల్లో చిక్కగా పడుతుంది. బలవంతపు కిలుము అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, దూదితో రుద్దితే ఆకుపచ్చగా వచ్చేస్తుంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేం. మన ఇళ్లలో పాత ఇత్తడి కనిపిస్తే చింతపండు పులుసుతో తోమడం అలవాటు. తాతగారి పతకాన్ని అలా తోమితే అది అసలుదని చెప్పే సాక్ష్యం ఆ పులుసుతోనే కొట్టుకుపోతుంది. మురికి మురికిగానే ఉండనివ్వాలి.

రిబ్బన్లకు, గుడ్డ బ్యాడ్జీలకు చిన్న యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి మంచి సాధనం. రెండో యుద్ధం తర్వాత దారాల్లో, సబ్బుల్లో తెల్లదనం పెంచే రసాయనాలు బాగా వచ్చాయి. అవి చీకట్లో యూవీ వెలుగు పడగానే నీలిగా మెరుస్తాయి. 1940 నాటి గుడ్డ అలా మెరవకూడదు. ఎవరైనా ఈమధ్య డిటర్జెంట్‌లో ఉతికి ఉంటే అసలుది కూడా మెరుస్తుంది కాబట్టి ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. జరీ బ్యాడ్జీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బనారస్‌లో, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో చేతి జరీతో బ్లేజర్ బ్యాడ్జీలు కుట్టే పనివాళ్లు తరతరాలుగా ఉన్నారు. వాళ్ల పనితనం గొప్పది, అందులో దాపరికమూ లేదు. వాళ్లు కొత్త బ్యాడ్జీగా అమ్మినదాన్ని మధ్యలో ఎవరో పాతదిగా మార్చి అమ్ముతారు.

కొన్నిసార్లు లెక్క వేస్తే చాలు. ఉత్తర ఆఫ్రికాలో 1942లో 23 మందితో మొదలైన 'పాప్‌స్కీస్ ప్రైవేట్ ఆర్మీ' అనే చిన్న బ్రిటిష్ దళం ఉంది. నక్షత్రాల ఎత్తు కొలిచే ఆస్ట్రోలేబ్ దాని గుర్తు. ఆ తర్వాత మనుషులు పెరిగినా అది ఎప్పుడూ చిన్న దళమే. దాని బ్యాడ్జీలు నెలనెలా అమ్మకానికి వస్తుంటే అవన్నీ ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు? చైనాలో సాంస్కృతిక విప్లవం రోజుల్లో చేసిన మావో బ్యాడ్జీల సంగతి దీనికి పూర్తిగా తిరగబడింది. అవి కోట్ల సంఖ్యలో, ఎక్కువగా అల్యూమినియంతో వచ్చాయి. మామూలు మావో బ్యాడ్జీని 'అరుదైనది' అని పెద్ద ధరకు అమ్మేవాడు నకిలీ అమ్మకపోయినా మోసం చేస్తున్నట్టే.

హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లోనైనా, ముంబయి చోర్ బజార్‌లోనైనా, ఇంటర్నెట్ వేలంలోనైనా కొనేముందు అడగాల్సినవి ఇవే: ముందు, వెనక, అంచు ఫొటోలు, కొలత, బరువు, తిరిగి తీసుకుంటానన్న రాతపూర్వక హామీ. వెనకవైపు ఫొటో ఇవ్వనన్నవాడి దగ్గర కొనక్కర్లేదు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఇక్కణ్ణుంచి తెప్పించుకునేటప్పుడు 1972 నాటి పురావస్తువుల చట్టాన్ని గుర్తుంచుకోవాలి. చారిత్రక ఆసక్తి ఉన్న, నూరేళ్లు దాటిన వస్తువులు దాని పరిధిలోకి వస్తాయి, వాటిని దేశం దాటించడం నేరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటివి నూరేళ్లు దాటేశాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎప్పుడో ఒక నకిలీ చేతికి వస్తుంది. దాన్ని చవగ్గా ఇంకొకరికి అంటగట్టడం వల్ల అది మరో కథతో, మరో ధరకు మళ్లీ బజారులోకి వస్తుంది. వెనకవైపు 'కాపీ' అని లోతుగా చెక్కించి, అసలుదాని పక్కనే అదే పెట్టెలో ఉంచుకుంటే, తర్వాత వచ్చే ప్రతి బ్యాడ్జీని రెంటితోనూ పోల్చి చూసుకోవచ్చు.